తగ్గింపు

ఆషాఢమాసం. దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్ మెట్లు దిగుతుంటే ఎదురుగా ఒక బట్టల దుకాణం, దాని నెత్తి నుంచి పాదాల దాకా వేలాడుతున్న బ్యానరు: భారీ తగ్గింపు. మా ఆవిడ కళ్లు మెరిశాయి. నా కళ్లూ మెరిశాయి గానీ కారణం వేరు. వచ్చే శుక్రవారం మా కాలనీ గృహకూటంలో వాక్యం చెప్పమని మా చర్చి అయ్యగారు నాకు అప్పజెప్పిన అంశం సరిగ్గా అదే.

"చూశావా, దేవుడు బ్యానరు కట్టి మరీ నాతో మాట్లాడుతున్నాడు" అన్నాను.

"మాట్లాడనియ్. నువ్వు ఇనుకుంట ఈడనే నిలబడు. నేను లోపలికి పోయొస్త" అని చేతిలో సంచి నాకిచ్చి వెళ్లిపోయింది.

మా సంఘాల భాష తెలియనివాళ్ల కోసం ఒక్క ముక్క. మా దగ్గర తగ్గింపు అంటే వినయం. "ఆ బ్రదర్‌లో మంచి తగ్గింపు ఉంది" అంటే చౌకగా దొరుకుతాడని కాదు, గొప్ప భక్తుడని. "తగ్గింపు లేదు" అన్నారంటే ఇక ఆ మనిషికి మైకు దొరకడం కష్టం. దీనికి జంటమాట హెచ్చింపు. తనను తాను తగ్గించుకున్నవాణ్ణి దేవుడు హెచ్చిస్తాడని సువార్తలో ఉంది కనుక, హెచ్చింపు మీద ఒక కన్నేసి తగ్గేవాళ్లు మాలో బహుమంది. దుకాణంవాడు ముందు హెచ్చించి తరువాత తగ్గిస్తాడు, మేము ముందు తగ్గి తరువాతి దాని కోసం చూస్తాం. వరస మారింది గానీ లెక్క అదే.

లెక్కల సంగతి నాకు బాగా తెలుసు. ఒక ఆడిటరు దగ్గర జీఎస్టీ రిటర్నులు నింపడం నా ఉద్యోగం. పరిసయ్యుడు, సుంకరి దేవాలయానికి వెళ్లిన కథ చదివినప్పుడల్లా వృత్తిరీత్యా నేను సుంకరి పక్షమే. ఆ కథలో సుంకరి దూరంగా నిలబడి, తలెత్తకుండా రొమ్ము కొట్టుకుంటాడు. మేమూ కొట్టుకుంటాం, కాకపోతే మైకు దగ్గరగా.

ఇల్లు హయత్‌నగర్‌లో. మెట్రో ఎల్‌బీ నగర్‌తో ఆగిపోతుంది. అక్కణ్ణుంచి చింతలకుంట, పనామా, సుష్మా, జింకల పార్కు దాటుకుంటూ విజయవాడ హైవే మీద బస్సులో వేలాడుతూ రావాలి. రెండో దశలో ఇంకో ఏడు కిలోమీటర్లు వేస్తే మా ఊరికీ మెట్రో వస్తుందంటున్నారు. సండే స్కూలు పిల్లలకు నిరీక్షణ అంటే ఏమిటో చెప్పడానికి నాకు వేరే ఉదాహరణ అక్కర్లేదు.

మూడేళ్ల కిందటి దాకా నేను మామూలు విశ్వాసిని. ఆదివారం మూడో పాటకు చర్చికి చేరుకుని, ప్రసంగం రెండో భాగంలో కునుకు తీసి, కానుక సంచి వచ్చే వేళకు మేలుకునేవాణ్ణి. ఎవరికీ నా వల్ల ఇబ్బంది ఉండేది కాదు. అప్పుడు గడ్డిఅన్నారంలో ఒక మేడ మీది హాల్లో నడిచే సాయంకాలపు బైబిల్ కోర్సులో చేరాను. వారానికి రెండు రోజులు, ఒక్కో రోజు గంటన్నర. అక్కడే మొదటిసారి గ్రీకు అక్షరాలు చూశాను. మొత్తం 24. ఆల్ఫా, బీటా, గామా అనుకుంటూ ఎనిమిదో అక్షరం దాకా బాగానే వచ్చాను. దాని పేరు తీటా. చదువు అక్కడ ఆగిపోయింది. తీట మాత్రం ఆగలేదు.

ఆదివారం ఆరాధన ఎగ్గొట్టి ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద వ్యాఖ్యాన గ్రంథాలు కొన్నాను. ముందుగదిలో టీవీ పక్కన, తలుపు తీయగానే కనపడేట్టు, వాటికొక అర చేయించాను. వాటిలో సగం ఇప్పటికీ తెరవలేదు, కానీ వాటి వీపులు చూసి కేబుల్ కుర్రాడు కూడా నన్ను సార్ అనడం మొదలుపెట్టాడు. ఇంట్లో కూడా పుస్తకాల తెలుగు మాట్లాడుతున్నానని మా ఆవిడ ఫిర్యాదు. కొత్తల్లో ఒక రాత్రి భోజనాల దగ్గర ఆమెకు జ్ఞానం పంచబోయాను.

"నీకు తెలుసా? మనకు ప్రేమ అని ఒకటే మాట. గ్రీకులో నాలుగున్నాయి. ఎరోస్, స్టోర్గే, ఫిలియా, అగాపే."

"నాలుగు రకాలున్నయా?" అంది, పప్పు వడ్డిస్తూ. "మరి మనింట్ల ఒక్క రకమన్న కనపడాలె గద?"

ఇదే సంగతి మీద తరువాత క్లాసులో ఇంకో దెబ్బ తిన్నాను. యోహాను సువార్త చివరి అధ్యాయంలో యేసు పేతురును మూడుసార్లు ప్రేమిస్తున్నావా అని అడుగుతాడు. మొదటి రెండుసార్లు ఒక క్రియ, మూడోసారి ఇంకో క్రియ. ఆ తేడాలో మహా రహస్యం ఉందని నేను అరగంట చెబితే, మా మాస్టారు ఓపిగ్గా విని, యోహానుకు ఒకే అర్థానికి రెండు మాటలు వాడే అలవాటు ఉందనీ, చాలామంది పండితులు అక్కడ పెద్ద తేడా చూడరనీ అన్నారు. నేను అప్పటికే ఆ రహస్యాన్ని రెండు ఇళ్లలో చెప్పి భోజనం చేసి వచ్చాను. తిన్న భోజనం వెనక్కి ఇవ్వలేం గదా.

మా అయ్యగారి చదువు అసలైన చదువు. లోయర్ ట్యాంక్‌బండ్ దగ్గరి ఆంధ్రా క్రిస్టియన్ థియలాజికల్ కాలేజీలో చదివారు. 1964లో రాజమండ్రిలో మొదలై తరువాత హైదరాబాదుకు తరలివచ్చిన కాలేజీ అది. లూథరన్లు, బాప్టిస్టులు, సీఎస్ఐ వాళ్లు, మెథడిస్టులు ఒకే బెంచీ మీద కూర్చుని చదువుకునే చోటు. చిలకరింపు బాప్తిస్మమా, ముంచే బాప్తిస్మమా అని బయట తలలు పగలగొట్టుకునేవాళ్ల పిల్లలు అక్కడ ఒకే గిన్నెలోంచి సాంబారు పోసుకుంటారు. వినయం నేర్పే పాఠం సిలబస్‌లో ఉందో లేదో గానీ మెస్సులో తప్పకుండా ఉండి ఉంటుంది.

అక్కడ వచ్చే డిగ్రీ బి.డి. చర్చి బోర్డు మీద అయ్యగారి పేరు పక్కన ఆ రెండక్షరాలు ఉండేవి. సూర్యాపేట నుంచి వచ్చిన మా అత్తమ్మకు బోర్డు చదివి వినిపించాను. ఆమె చాలాసేపు ఏమీ అనలేదు. ఇంటికొచ్చాక మెల్లగా అడిగింది: "అల్లుడా, అయ్యగారు బీడీ తాగుతడా? తాగితె తాగిండు గని గది బోర్డు మీద రాసుకునుడేంది?"

ఈ మాట ఎలాగో అయ్యగారి చెవిన పడింది. మరుసటి వారం బోర్డు మీద ఆ రెండక్షరాలు లేవు. ఎంత తగ్గింపు అని సంఘమంతా మెచ్చుకుంది.

నాకూ అలాంటి మెప్పు కావాలనిపించింది. ఎలా దొరుకుతుందో చుట్టూ చూసి నేర్చుకున్నాను. మైకు అందుకున్నవాడు ముందుగా తాను అల్పుడననీ, ఎన్నిక లేనివాడననీ, ధూళిననీ, బూడిదననీ, పురుగుననీ చెప్పాలి. మంచి వక్త దీనికి పది నిమిషాలు తీసుకుంటాడు. వెనకాల వచ్చేవాడు అంతకంటే దిగువకు దిగాలి. ఒకసారి ఉపవాస ప్రార్థనలో ముగ్గురు వక్తలు వరసగా దిగుతూ పోయి, మూడో ఆయనకు పోల్చుకోవడానికి ప్రాణి దొరక్క కొంతసేపు తడబడడం నేను కళ్లారా చూశాను.

విందుకు పిలిస్తే అగ్రస్థానంలో కూర్చోవద్దు, చివర కూర్చో, పిలిచినవాడే వచ్చి ముందుకు తీసుకెళ్తాడు అని యేసు చెప్పిన మాట లూకా సువార్తలో ఉంది. మా కాలనీలో దీన్ని మించి శ్రద్ధగా పాటించే ఆజ్ఞ మరొకటి లేదు. పెద్దలంతా వచ్చి వెనక వరస ప్లాస్టిక్ కుర్చీల కోసం పోటీ పడతారు. మొదటి మూడు వరసలు ఖాళీ. కూటం నడిపే తమ్ముడు ఒక్కొక్కరినీ చేయిపట్టి ముందుకు లాక్కుపోవాలి. వాళ్లు రెండుసార్లు వద్దని మూడోసారికి లేస్తారు. నేనూ ఒకసారి చెప్పుల గుట్ట పక్కన, ఫ్యాను గాలి తగలని చోట కూర్చున్నాను. ఎవరూ పిలవలేదు. దగ్గాను. కుర్చీ కిర్రుమనిపించాను. వాక్యం అయింది, కానుక అయింది, ఆశీర్వాదం అయింది. చెమటతో చొక్కా తడిసి ముద్దయింది గానీ హెచ్చింపు రాలేదు. పైగా బయటికి వెళ్తున్న ఒక సిస్టర్ నన్ను చెప్పులు చూసే మనిషి అనుకుని, "అన్నా, గా నీలం చెప్పులు ఇటియ్యి" అంది. ఇచ్చాను. ఇప్పుడు ఆలోచిస్తే ఆ కూటంలో నేను చేసిన నికరమైన సేవ అదొక్కటే.

ఈ చిక్కు నాతో మొదలు కాలేదు. సంఖ్యాకాండం 12వ అధ్యాయం మూడో వచనం తీయండి. భూమి మీద ఉన్న మనుషులందరిలోకీ మోషే సాత్వికుడని ఉంటుంది. ఆ పుస్తకం రాసింది ఎవరని పరంపరగా నమ్ముతారు? మోషే! అంత వినయం గలవాడు ఆ మాట తన చేత్తో ఎలా రాసుకున్నాడు? తన వినయానికి ప్రపంచస్థాయిలో మొదటి ర్యాంకు తనే ఎలా ఇచ్చుకున్నాడు? తరువాత ఎవరో చేర్చి ఉంటారని పండితులు సర్దుబాటు చేశారు. ఈ ప్రశ్న నేనే కనిపెట్టినట్టు ఉత్సాహంగా అయ్యగారి దగ్గరికి తీసుకెళ్లాను.

ఆయన చిన్నగా నవ్వారు. "మోషే గురించి మోషేనే రాసిండో, ఇంకొకరు రాసిండ్రో ఎట్లనన్న అనుకో. నీ గురించి ఇంక ఎవరు రాయలే గద, నువ్వెందుకు రంది పడుతున్నవ్?"

మోషే కథ అక్కడితో అయిపోలేదు. సీనాయి కొండ దిగి వస్తుంటే ఆయన ముఖం ప్రకాశించిందని నిర్గమకాండం 34వ అధ్యాయంలో ఉంది. అక్కడి హెబ్రీ మాటకూ కొమ్ము అనే మాటకూ ధాతువు ఒక్కటే. 4వ శతాబ్దం చివర లాటిన్‌లోకి తర్జుమా చేసిన జెరోము ఆ రెండో వైపు మొగ్గాడు. దాంతో లాటిన్ బైబిల్లో మోషే ముఖానికి కొమ్ములొచ్చాయి. రోములో మైకెలాంజెలో చెక్కిన మోషే విగ్రహం నెత్తి మీద ఇప్పటికీ రెండు కొమ్ములున్నాయి. ఆలోచించండి, భూమ్మీద అందరికంటే సాత్వికుడికి కొమ్ములు! తెలుగువాళ్లు ఎవరైనా ఆ విగ్రహం చూస్తే ఏమనుకుంటారు? ఈ సంగతి మహా సంబరంగా మా ఆవిడకు చెప్పాను. ఆమె నా పుస్తకాల అర వైపు చూసి, నా నెత్తి వైపు చూసి, కూరగాయల సంచి తీసుకుని బయటికి వెళ్లింది.

మా కోర్సులో నాకు బాగా నచ్చినవాడు థామస్ అక్వినాస్. ఆయనంత రాసినవాళ్లు తక్కువ. 1273 డిసెంబరులో ఒకరోజు ఆరాధనలో ఆయనకేదో అనుభవం కలిగింది. ఆ తరువాత కలం ముట్టలేదు. తాను చూసినదాని ముందు తాను రాసిందంతా గడ్డిలా ఉందన్నాడు. సుమ్మా అనే ఆయన మహా గ్రంథం అలాగే అసంపూర్తిగా మిగిలిపోయింది. ఆయన అంత రాసి గడ్డి అన్నారు. మాది ఆరంభమే గడ్డిఅన్నారం. ఈ చమత్కారం క్లాసులో వేస్తే అందరూ నవ్వారు. మా మాస్టారు నవ్వుతూనే, "అయితే మీరు రాయాల్సిన వ్యాసం?" అన్నారు. ఆ వ్యాసం రెండు నెలలుగా బాకీ. గడ్డి అనడానికైనా ముందు ఏదో ఒకటి రాసి ఉండాలట.

విలియం కేరీ సంగతి వేరు. నార్తాంప్టన్‌షైర్‌లో చెప్పులు కుట్టి బతికినవాడు, 1793లో బెంగాల్ వచ్చి, శ్రీరాంపురంలో అచ్చుకూటం పెట్టి, మన దేశపు భాషలు ఎన్నిటిలోకో బైబిలును తెచ్చినవాడు. 1814లో మన తెలుగుకు వ్యాకరణం అచ్చు వేశాడు, 1818లో తెలుగు కొత్త నిబంధన ఆ కూటం నుంచే వచ్చింది. ఒకసారి గవర్నర్ జనరల్ ఇంటి విందులో ఒక దొర, ఈయన ఒకప్పుడు బూట్లు కుట్టేవాడట కదా అని పక్కవాణ్ణి అడిగాడు, కేరీకి వినపడేట్టుగానే. కేరీ కలగజేసుకుని, కుట్టేవాణ్ణి కాదండీ, పాతవి బాగుచేసేవాణ్ణి అన్నాడు. కుట్టడం ఒక మెట్టు పైన, అతుకులు వేయడం ఒక మెట్టు కింద. ఎదుటివాడు తోసిన మెట్టుకు ఇంకో మెట్టు కిందికి తానే దిగి నిలబడ్డాడు. నాకు చేతకానిది ఇదే. నన్నెవరైనా గుమస్తా అంటే జీఎస్టీ కన్సల్టెంటు అని సరిదిద్దకపోతే ఆ రాత్రి నిద్ర పట్టదు.

1812 మార్చి 11న ఆ అచ్చుకూటం తగలబడింది. కాగితం, అచ్చులు, ఏళ్ల తరబడి రాసుకున్న నిఘంటువుల, వ్యాకరణాల రాతప్రతులు బూడిదయ్యాయి. దేవుడు తనను కింద పడేసి మంచి పనే చేశాడన్న అర్థం వచ్చేట్టు ఆయన ఉత్తరాల్లో రాశాడు, మళ్లీ కూర్చుని మొదటి నుంచి మొదలుపెట్టాడు. అక్షరాలు చెక్కిన ఉక్కు పంచులు బూడిదలో చెక్కుచెదరకుండా దొరికాయి. నా లాప్‌టాప్‌లో ఒక ప్రసంగం సేవ్ కాకుండా పోయినప్పుడు నేను దేవుడితో మాట్లాడిన తీరు ఇక్కడ రాయను.

అయితే వినయం లేకపోతే పని జరగదనుకుంటే అదీ పొరపాటే. కేరీ కంటే చాలా ముందు, 1720లలో, బెంజమిన్ షుల్ట్జ్ అనే జర్మన్ మిషనరీ తరంగంబాడిలో తోటివాళ్లతో పడక మద్రాసు చేరాడు. అక్కడ తెలుగు నేర్చుకున్నాడు, వ్యాకరణం రాశాడు, బైబిలును తెలుగులోకి మార్చడానికి కూర్చున్నాడు. ఆయన కాస్త సర్దుకుపోయే మనిషయి ఉంటే తరంగంబాడిలోనే ఉండిపోయి అరవానికే అంకితమయ్యేవాడేమో. తెలుగు బైబిలు కథకు మొదటి పేజీ ఒక పోట్లాట అని నా సొంత సిద్ధాంతం. పాపం, అంత చేసినా ఆయన బైబిలు తర్జుమా అచ్చు కానేలేదు. పంతంతో వచ్చినవాణ్ణి కాలం తనకు తోచినట్టు తగ్గించింది.

ఇక శుక్రవారం. గృహకూటం మా వీధి చివరింట్లో. నేను రెండు వారాలు సిద్ధపడ్డాను. మొదట హయత్‌నగర్ పేరుతో మొదలుపెడదామనుకున్నాను. హయాత్ అంటే జీవం, హెబ్రీలో జీవానికి హయ్యీం అంటారు, చూడండి దేవుడు మన ఊరి పేరులోనే ఎంత మర్మం దాచాడో అని. అదృష్టం కొద్దీ గురువారం సాయంత్రం ఈ మర్మాన్ని చాయ్ హోటల్ చాచా దగ్గర పరీక్షించాను. ఆయన గల్లాపెట్టె మూసి, "మర్మం గిర్మం లేదు సార్. హయాత్ బక్షీ బేగం పేరు. కులీ కుతుబ్ షా బిడ్డ. ఆమె మసీదు గిక్కడనే ఉంది, పక్కన పెద్ద ఏనుగు బావి ఉంది. మూడేండ్ల సంది ముంగట్నుంచే పోతున్నవ్" అన్నాడు. ఆమె ఒక సుల్తానుకు కూతురు, ఇంకొకరికి భార్య, మరొకరికి తల్లి. ఆమెను మా సాహెబా అనేవారు, మన మాసాబ్ ట్యాంకు ఆ పేరే. ఇదంతా నాకు చాయ్‌తో పాటు ఉచితంగా దొరికింది. హెబ్రీ మర్మాన్ని పక్కన పెట్టి ఒంటెను తీసుకున్నాను.

ధనవంతుడు పరలోకంలో ప్రవేశించడం కంటే ఒంటె సూది బెజ్జంలో దూరడం తేలిక అని యేసు చెప్పాడు గదా. దానికి నేను చిన్నప్పటి నుంచి పెద్ద పెద్ద వక్తల నోట విన్న వివరణ ఒకటుంది. యెరూషలేము కోటకు రాత్రి పెద్ద తలుపులు మూశాక పక్కన చిన్న దిడ్డి ఉండేదట, దాని పేరే సూది బెజ్జం అట. ఒంటె అందులోంచి పోవాలంటే వీపు మీది బరువు దించాలి, మోకాళ్ల మీదికి వంగాలి, తల దించాలి. ఎంత చక్కగా ఉంది! పాత బస్తీ ప్రాకారానికి దర్వాజాలతో పాటు ఉండిన ఖిడ్కీలతో పోల్చాను. ఒంటె ఎలా వంగుతుందో నేనే వంగి చూపించాను. మోకాలు పట్టేసింది, ఐనా లేవలేదు. "తగ్గితేనే ద్వారం! తగ్గనివాడికి గోడే!" అన్నాను. ఆమెన్‌లు కురిశాయి. ఒక పెద్దాయన కళ్లు తుడుచుకున్నాడు.

అప్పుడు మూలన కూర్చున్న ఇంటర్ పిల్లవాడు ఫోను మీంచి తలెత్తాడు.

"అంకుల్, ఒక డౌటు. గా పేరుతోని గేటు ఉన్నట్టు ఆధారమే లేదంట. యేసుప్రభువు తర్వాత ఎన్నో వందల ఏండ్లకు, మధ్యయుగాల వ్యాఖ్యానాలల్ల వచ్చిన కథ అంట."

గదిలో ఫ్యాను చప్పుడు స్పష్టంగా వినిపించింది. నేనింకా మోకాళ్ల మీదే ఉన్నాను. నా తీటా దాకా చదువు నన్ను ఆదుకుంటుందేమోనని వెతికాను.

"చూడు నాన్నా, గ్రీకులో ఒంటె అనే మాటకూ లావు తాడు అనే మాటకూ ఒక్క అచ్చు అక్షరమే తేడా. కొన్ని ప్రతుల్లో తాడు అనే ఉంది. కాబట్టి లోతుగా చూస్తే…"

"తాడైన గాని సూదిల పట్టదు గద అంకుల్?"

మా అత్తమ్మ చాప మీంచి గొంతు సవరించుకుంది. "పట్టదనే గదయ్యా ప్రభువు చెప్పింది? వంగితె పట్టేదయితె శిష్యులు గట్ల బిత్తరపోయి, ఇగ ఎవరికి రక్షణ దొరుకుతది అని ఎందుకడుగుతరు? మనిషితోని కానిది దేవునితోని అయితదని ఎనుకనే ఉన్నది గద. మీరు ఒంటెకు తొవ్వ చేసిండ్రు, దేవునికి పని లేకుంట చేసిండ్రు."

సూటిగా వచ్చి తగిలింది. నేను రెండు వారాలు చదివిన ఏ పుస్తకంలోనూ ఇంత పొందికగా లేదు. వినయం గురించి నేను చెప్పిన ప్రసంగమంతా, ఒంటె తన ప్రయత్నంతో తాను పరలోకంలో దూరవచ్చన్న ధీమా మీద నిలబడి ఉందన్నమాట. ఆవిడకు చేతులెత్తి మొక్కుదామనుకున్నాను. కానీ ఆమె అక్కడితో ఆగితే గదా. గదంతా ఒకసారి కలయజూసి, కొంగు సర్దుకుని, "నాకైతె అచ్చరం ముక్క రాదు" అంది.

ఆ మాట ఆమె అన్న తీరు మీరు వినాలి. అయ్యగారు బోర్డు మీద ఎన్ని డిగ్రీలు రాసుకున్నా ఆ దర్పం రాదు. ఆ రాత్రి బగార అన్నం వడ్డిస్తుండగా ఆ ముక్క ఇంకో నాలుగుసార్లు అంది. ఐదోసారి అంటుంటే మా ఆవిడ ఆమె విస్తట్లో ఇంత కోడికూర వేసి నోరు మూయించింది. నేను మాత్రం తగ్గింపుగా మెడ ముక్క ఒక్కటే వేసుకున్నాను, పిల్లవాడు చూస్తున్నాడో లేదో గమనిస్తూ.

ఆదివారం వచ్చింది. సాక్ష్యాల సమయంలో నేను లేచాను. శుక్రవారం జరిగిందంతా చెప్పాను. దేవుడు ఒక పిల్లవాడి చేత, అక్షరం రాని ఒక వృద్ధురాలి చేత నా గర్వాన్ని ఎలా నలగగొట్టాడో చెబుతుంటే నా గొంతే నాకు బాగుందనిపించింది. ఫ్యాను చప్పుడు దగ్గర కాస్త ఆగాను, మోకాళ్ల దగ్గర గొంతు తగ్గించాను. ఒంటె ప్రసంగం కంటే ఇది బాగా పండింది. బయట చెప్పులు వేసుకుంటుంటే ఆరుగురు వచ్చి చేయి కలిపి, "ఎంత తగ్గింపు బ్రదర్ మీది!" అన్నారు. అబ్దుల్లాపూర్‌మెట్ వైపు నుంచి వచ్చిన ఒక సంఘ పెద్దయితే అక్కడికక్కడే ఖాయం చేసుకున్నాడు, వాళ్ల దగ్గర మూడు రోజుల కూటాలు, నేను రెండో రోజు వక్తను, అంశం తగ్గింపు.

ఆ పిల్లవాడు దూరంగా సైకిలు తాళం తీస్తూ నన్నే చూస్తున్నాడు. నేను అటు చూడలేదు.

ఫ్లెక్సీ కొట్టించే పని నాకే పడింది. హయత్‌నగర్‌లో హైవే పక్కనే ఒక చిన్న ఫ్లెక్సీ దుకాణం. కంప్యూటరు ముందు కూర్చున్న తమ్ముడు నేనిచ్చిన చీటీ చదివాడు. తగ్గింపు మహాసభలు అని రాసి ఉంది.

"ఏ షాపు అన్నా? ఎంత శాతమో రాయలే."

"షాపు కాదు తమ్మీ, చర్చి."

"ఓ." రెండు ఫోటోలు తెర మీద పెట్టాడు. మొదటి రోజు వక్తది, నాది. పేరున్న మనిషి ఆయన, ఫోటో పెద్దదిగానే పంపాడు. నాది పక్కన ఇంకా పెద్దదిగా వచ్చింది. నాకు శుక్రవారం గుర్తొచ్చింది. మనసులో నిజంగానే ఏదో కదిలింది.

"నా ఫోటో కొంచెం తగ్గించు."

తగ్గించాడు. తల పక్కకు వంచి చూశాడు. "ఇగ ఆయన ముంగట నువ్వు అవుపడుత లేవన్నా."

నేనూ తల వంచి చూశాను. నిజమే, అవుపడటం లేదు. బయట హైవే మీద విజయవాడ బస్సు ఒకటి హారన్ కొట్టుకుంటూ పోయింది.

"అయితే ఆయనది కూడా తగ్గించు" అన్నాను.